వాడుకమాటకు కాపలా

ఒక్క దేవుడికి వెయ్యి పేర్లెందుకు? ఈ సందేహం హవల్దారు ముద్దాడ సింహాద్రికి ఎన్నో ఏళ్ళుగా ఉంది. రోజూ తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పొయ్యిల పక్క గూట్లో పెట్టుకున్న సింహాచలం అప్పన్న పటానికి దీపం వెలిగించి సహస్రనామం చదివేవాడు. చదివినంతసేపూ భక్తే. పుస్తకం మూసి కళ్ళకద్దుకోగానే సందేహం వచ్చి కూర్చునేది. 'నన్ను సింహాద్రీ అంటే పలుకుతాను. నాకే ఒక్కటి చాలినప్పుడు ఆయనకి వెయ్యి ఎందుకు?' అడుగుదామంటే దగ్గర్లో పంతులుగారు లేరు. ఉన్నదల్లా బండమీదిపాలెం సైనిక సరఫరా డిపో.

సింహాద్రి ఆ డిపోలో లంగరుకి పెద్ద. లంగరంటే సిపాయిల వంటశాల. డిపోలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు. ఏ వస్తువునైనా అసలు పేరుతో పిలవడం వాళ్ళకి నామోషీ. పల్చటి పప్పుని నాగావళి అనేవారు. రాత్రి కాపలా జాగారం. తప్పు చేసినవాడు తుపాకీ నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ పరిగెడితే ప్రదక్షిణలు. పై అధికారుల తనిఖీ గ్రహణం, ఎందుకంటే పట్టు దగ్గర్నుంచి విడుపు దాకా ఎవడూ ముద్ద ముట్టడానికి లేదు, విడిచాక అంతా కడుక్కోవాలి. ఇక సెలవు దొరకడమంటే మోక్షం.

కొత్త సిపాయికి బట్టలూ బూట్లూ స్టోరువాళ్ళు ఇస్తారు. మాటలు మాత్రం లంగరులోనే దొరుకుతాయి, అన్నంతో పాటు. ఒక్కో మాట వెనకా ఒక మనిషి ఉంటాడు. అన్నిటికంటే పాత మాట 'కూర్మయ్య వరస'. ఎప్పుడో, సింహాద్రి పుట్టకముందు, కొండల్లో మంచు కురిసి దారి మూసుకుపోయి దినుసులు అడుగంటిన రోజున, కర్నలుగారి భోజనం పట్టుకెళ్ళడానికి అర్దలీ అందరికంటే ముందొచ్చి నిలబడ్డాడట. వంటవాడు కూర్మయ్య గరిటె అడ్డం పెట్టాడట. "కాపలా దిగొచ్చినోడు ముందు తినాల. ఆ తరవాత పెద్దోళ్ళు. గిన్నెలో మిగిల్తే నాను" అన్నాడట. ఆ సంగతి విన్న కర్నలుగారు కంచం పట్టుకుని తానే వచ్చి అందరి వెనకా నిలబడ్డారట. అప్పట్నుంచీ తిండి చాలని రోజున ఆ పల్టనులో ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. "కూర్మయ్య వరస!" అని ఒక్క కేక. హోదాలన్నీ వాటంతటవే వెనక్కి నడుస్తాయి.

అయితే సింహాద్రికి గుండెలో గుచ్చుకునే మాట మోక్షం. చాలా ఏళ్ళ కిందట కొండదారిలో అతనెక్కిన లారీ జారి, ముందు చక్రాలు లోయ మీదికి వేలాడుతూ ఆగిపోయింది. "అప్పన్నా, బతికి బయటపడితే చందనోత్సవానికొచ్చి తలనీలాలు ఇచ్చుకుంటాను" అని మొక్కుకున్నాడు. బయటపడ్డాడు. ఇచ్చుకోవడమే వీలుపడలేదు. చందనోత్సవం ఏడాదికి ఒక్కరోజు. సరిగ్గా ఆ రోజుకే ఏటా డిపోకి ఏదో ఒక గ్రహణం పట్టేది. దానికి తోడు పక్షానికోసారి క్షౌరం ఉత్తర్వు. గోరుతో గిల్లడానికైనా దొరకని జుట్టుని స్వామికి ఏమని ఇచ్చుకుంటాడు? బాకీ పెరిగేది సింహాద్రి తలమీద, కోసుకుపోయేది సర్కారు.

ఆ ఏడు ఎలాగైనా వెళ్ళి తీరాలని మార్గశిరంలోనే అర్జీ పెట్టుకున్నాడు.

అర్జీ పెట్టిన కొన్నాళ్ళకి డిపో చూడడానికి ఒక జనరల్‌గారు వచ్చారు. లంగరు ముందునుంచి వెళ్తూంటే లోపల సింహాద్రి చేతికింద పనిచేసే లాన్స్‌నాయక్ పొట్నూరు లచ్చుం గొంతు వినిపించింది.

"నాగావళికి వరదొచ్చీసింది, జరగండెహె!"

జనరల్‌గారు ఆగి, అర్థం అడిగారు. చెప్పారు. కడుపు పట్టుకుని నవ్వారు. ఇంకో మాట అడిగారు, ఇంకా నవ్వారు. ఉన్నట్టుండి గంభీరంగా అయిపోయారు.

"ఇది మాట కాదయ్యా, మన పల్టను వారసత్వం! పాత ఫిరంగికి కాపలా పెట్టాం. పాత జెండాకి కాపలా పెట్టాం. మరి దీనికేదీ కాపలా?"

అక్కడున్నవాళ్ళెవరూ జవాబు చెప్పలేదు కనుక సర్కారే చెప్పింది. పుష్యమాసానికల్లా 'సైనిక వాడుకమాటల పరిరక్షణ, ప్రామాణీకరణ, సర్వతోముఖాభివృద్ధి సంచాలనాలయం' వెలిసింది. ఆ పేరు రాయడానికి ఒక గోడ చాలక బోర్డుని మూలమీదుగా తిప్పారు. డిపోకి పరిరక్షణాధికారిగా మేజర్ రాచకొండ భార్గవ వచ్చారు. మనిషి మంచివారే. జన్మలో ఒక్క వాడుకమాట వాడి ఎరుగరు. అందువల్ల ఏ మాటమీదా పక్షపాతం ఉండదని ఆయన్ని ఎంపిక చేశారు.

"జవానులారా!" అన్నారు మేజరుగారు మొదటిరోజు మైదానంలో. "ఇంతవరకు మీరు వాడుకమాటలను ఎట్టి అనుమతియు లేక, నోటికి వచ్చినట్లు, విచ్చలవిడిగా వాడితిరి. తత్ఫలితముగా అవి అరిగిపోవు ప్రమాదము ఏర్పడినది. ఇకమీదట ప్రతి జవానూ నిర్ణీత వేళలలో, నిర్ణీత సంఖ్యలో, ధ్రువీకరింపబడిన ఉచ్చారణతో విధిగా వాడవలెను. నవ్వు ఐచ్ఛికము."

వెనక వరసలో లచ్చుం గొణిగాడు. "ఐచ్ఛికమంటే ఏటన్నా? నవ్వితే కొడతారా, నవ్వకపోతే కొడతారా?"

"నీ ఇష్టం అని. నోర్మూసుకో" అన్నాడు సింహాద్రి.

"నవ్వు మనిష్టమని సెప్పీడానికి మేజరు కావాలా!"

మర్నాటినుంచి పొద్దున్న మనుషుల హాజరు అవగానే మాటల హాజరు మొదలైంది. ఒక్కొక్కడూ ముందుకొచ్చి నిటారుగా నిలబడి "జాగారం!" "నాగావళి!" అని అరిచి వెనక్కి పోవాలి. హోదాలో పెద్దవాళ్ళ ఎదుట గౌరవవాచకం తప్పనిసరి. పప్పు గిన్నె పట్టుకుని "నాగావళిగారిని దయచేయమంటారా?" అని అడగాలి. కొత్త మాట పుట్టించదలచుకున్నవాడు మూడు నెలల ముందు అనుమతి తీసుకోవాలి. మూకుడు చెయ్యి కాల్చినప్పుడు లచ్చుం అప్పటికప్పుడు ఒక కొత్త మాట పుట్టించాడు. దానికి అతనిమీద 'అనధికార ఆక్రందన' అని నేరం మోపారు.

వాడవలసినన్ని మాటలు వాడనివాడికి ప్రదక్షిణలు. పరిగెడుతూ ప్రతి మలుపులోనూ "ప్రదక్షిణలు చేయుచున్నాను సార్!" అని అరవాలి. అయితే ప్రదక్షిణలన్నది ధ్రువీకరించిన మాటే కనుక ఆ అరుపులన్నీ మర్నాటి లెక్కలో జమ అయ్యేవి. తెలివైనవాళ్ళు కొందరు పనిగట్టుకుని శిక్ష వేయించుకుని వారానికి సరిపడా అరిచేసి, మిగతా రోజులు నోరు మూసుకుని హాయిగా ఉండేవారు. దీన్ని గమనించిన మేజరుగారు 'వాడుకలో నూటికి అరవై పాళ్ళ పురోభివృద్ధి' అని పైకి రాశారు. పైవాళ్ళు అభినందించారు.

ఇంతలో రాజధానినుంచి అధికార నిఘంటువు అచ్చయి వచ్చింది. వెంటనే ఇంకో ఉత్తర్వు. మోక్షార్థులందరూ, అంటే సెలవు కోరేవాళ్ళందరూ, ఆ నిఘంటువులో పరీక్ష ప్యాసు కావాలి.

సింహాద్రి ధైర్యంగానే వెళ్ళాడు. ఆ మాటల్లో పుట్టి పెరిగినవాడు, పరీక్షంటే భయమేమిటి? 'సహస్రనామం నోటికొచ్చినవాడికి ఇదో లెక్కా' అనుకున్నాడు.

"హవల్దార్, గ్రహణము. నిర్వచింపుము" అన్నారు మేజరుగారు.

"పై అధికార్లు తనిఖీకొచ్చినప్పుడు వాళ్ళెళ్ళీదాకా మాకు అన్నముండదండి. అందుకని…"

"తప్పు. గ్రహణము: ఉన్నతాధికారుల శుభాగమనముచే జవానుల మనస్సులందు కలుగు ఆనందాతిశయము."

"ఆనందమా సార్?"

"అచ్చుపడినది కదా! ఇక, కూర్మయ్య వరస."

సింహాద్రి కూర్మయ్య కథంతా చెప్పాడు. మంచు, గరిటె, కంచం పట్టుకున్న కర్నలు, అన్నీ చెప్పాడు. మేజరుగారు ఓపిగ్గా విని, పుస్తకం తిప్పి చూపించారు. 'కూర్మయ్య వరస: భోజన వితరణయందు హోదా క్రమమును లేశమాత్రము తప్పక పాటించుట. అనగా ముందు పెద్దలు.'

"సార్, ఇది తలకిందులైపోనాది. కూర్మయ్య సెప్పింది…"

"సదరు కూర్మయ్య హోదా ఏమి?"

"వంటవాడండి."

"నిఘంటు సంఘమునకు అధ్యక్షులు లెఫ్టినెంట్ జనరల్. ఎవరి అర్థము చెల్లును?"

సింహాద్రికి స్వామి పేర్లు గుర్తొచ్చాయి. ఆపదలో ఉన్నవాడు ఆపద్బాంధవా అన్నాడు, దిక్కులేనివాడు దీనబంధూ అన్నాడు. ఆ పేర్లకి అర్థం చెప్పే సంఘం ఒకటి ఉంటే, ఏనుగు మొర పెట్టుకున్నప్పుడు స్వామి నిఘంటువు చూసుకుని బయల్దేరేవాడా? ఈ ప్రశ్న మేజరుగారిని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

"మోక్షము నిలుపుదల చేయడమైనది" అన్నారు మేజరుగారు. తర్వాత, మంచివారు కనుక, గొంతు తగ్గించారు. "ఒక మార్గము కలదు. ఫాల్గుణములో జనరల్‌గారు మరల విచ్చేయుచున్నారు. కూర్మయ్య వరస ప్రదర్శన మీ లంగరులోనే. అచ్చుపడిన అర్థము ప్రకారము సలక్షణముగా జరిపింపుము. నీ సింహాచల యాత్రకు నేను పూచీ."

ఆ సాయంత్రం సింహాద్రి పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక్క పూట వడ్డన. ముందు పెద్దలకి పెడితే తర్వాత చిన్నవాళ్ళకి పెట్టకపోతామా? అందరికీ సరిపోయేటట్టు వండితే కూర్మయ్యకి మాత్రం ఏం నష్టం? దీపం నిలకడగానే వెలిగింది. అందులో అతనికి అవుననీ కనిపించలేదు, కాదనీ కనిపించలేదు.

లంగరులో మాత్రం ఒక వింత జరిగింది. సిపాయిలకి మాట కరువైంది. తిండి దగ్గర ఎవడూ నాగావళి అనడు.

"నాగావళి అంటే సెల్యూట్ కొట్టబుద్దేస్తంది అన్నా. డూటీ దిగినాక కూడా డూటీయేనా?" అన్నాడు లచ్చుం.

"మరి పప్పుని పప్పనే అను."

"సీ, సివిలియన్లలాగా!"

రెండు రోజులు అంతా మూగవాళ్ళలా తిన్నారు. మూడోరోజు లచ్చుం కంచం ముందుకి చాపి, గొంతు సవరించుకుని, మేజరుగారి ధోరణిలో అందుకున్నాడు. "ఆర్యా! పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునది ఏమనగా, ఈ దిగువ పళ్ళెమునందు ముక్కలు కనబడుట లేదు. తగు చర్య నిమిత్తము సమర్పించడమైనది."

సింహాద్రి గరిటె గాల్లోనే ఆగింది. తన నోట్లోంచి ఏం వస్తోందో తనకే తెలియకుండా అన్నాడు. "తమ అర్జీ అందినది. పరిశీలనలో నున్నది."

లంగరు పైకప్పు రేకులు మోగేలా నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వు. అది ఐచ్ఛికమన్న సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు.

వారం తిరిగేసరికి అది డిపో అంతా పాకింది. వాలీబాల్ ఆటలో బంతిని అవతలికి కొట్టి "తదుపరి చర్య నిమిత్తము బదిలీ చేయడమైనది!" అనేవారు. కొట్టలేకపోయినవాడు "నా పరిధిలోనిది కాదు" అనేవాడు. ఒకడి పక్కమీద ఇంకొకడు పడుకుంటే "సదరు ఆక్రమణను తక్షణ ప్రాతిపదికన తొలగింపుము." పెళ్ళాం దగ్గర్నుంచి ఫోను వచ్చినవాడు బయటికి వచ్చి "నా ప్రవర్తనకు సంజాయిషీ కోరబడినది" అని చెప్పేవాడు. వాళ్ళ మాటలు దూరంనుంచి విన్న మేజరుగారి కళ్ళు చెమర్చాయి. జవానులు ఇంత చక్కటి భాష మాట్లాడటం ఆయన ఎన్నడూ వినలేదు.

ఫాల్గుణంలో జనరల్‌గారు వచ్చారు. ఒక్కరే వస్తారనుకున్నారు. వెనకే సంచాలనాలయం మొత్తం దిగింది. ఉచ్చారణ శాఖ, నిర్వచన శాఖ, నవ్వుల పర్యవేక్షణ శాఖ, వాళ్ళ సహాయకులు, ఆ సహాయకులకి సహాయకులు. కార్లు దిగుతూనే ఉన్నారు. సింహాద్రి అన్నం, పప్పు వండిన పెద్ద దేకిసాల వంక చూశాడు. వచ్చినవాళ్ళ వంక చూశాడు. తలుపు దగ్గర, రాత్రంతా జాగారం చేసి దిగిన సిపాయిలు కంచాలు పట్టుకుని గోడకి జారబడి నిలబడ్డారు. ఒకడు నిలబడే కునుకుతున్నాడు. పెద్దలు ముందు తింటే వాళ్ళకి మిగిలేది వాసనే.

"హవల్దార్, ప్రారంభింపుము. ముందు పెద్దలు" అన్నారు మేజరుగారు చెవిలో. "నీ మోక్షము నీ చేతిలోనే ఉన్నది."

సింహాద్రి గూట్లో పటం వైపు తిరిగాడు. "స్వామీ, ఈ ఏడూ బాకీ ఉంచుకో. నానేటి సెయ్యను" అనుకున్నాడు. గరిటె పైకెత్తాడు.

"కూర్మయ్య వరస!"

ఆ కేక ధ్రువీకరించిన ఉచ్చారణలో లేదు. కానీ అది చెవిన పడగానే సుబేదార్లు వెనక్కి తగ్గారు, హవల్దార్లు వాళ్ళ పక్కకి జరిగారు, దారి దానంతటదే తెరుచుకుంది. గోడకి జారబడిన సిపాయిలు ముందుకొచ్చారు. ఇదంతా ప్రదర్శనలో భాగమే కాబోలనుకుని శాఖలన్నీ క్రమశిక్షణగా చివర్న వరస కట్టాయి. అందరి వెనకా కంచం పట్టుకుని జనరల్‌గారు.

మేజరుగారి మొహం పాలిపోయింది. "హవల్దార్! తలకిందులైనది! ఆపుము!"

సింహాద్రి తల ఎత్తలేదు. పక్కనున్న లచ్చుం వడ్డిస్తూనే, వినయంగా నడుం వంచి అన్నాడు. "తమ అభ్యంతరము స్వీకరించడమైనది. పరిశీలనలో నున్నది. తదుపరి పళ్ళెము!"

హాలు ఫెళ్ళుమంది. కునికేవాడు కూడా మేలుకుని నవ్వాడు. వరస కదులుతూ కదులుతూ జనరల్‌గారి దాకా వచ్చేసరికి దేకిసాలో అడుగంటిన మాడూ రెండు గరిటెల పప్పునీళ్ళూ మిగిలాయి. లచ్చుం గరిటె ముంచాడు. ఇక ఎలాగూ ఉద్యోగం పోయేదే అనుకున్నాడు కాబోలు, సాగదీశాడు.

"మహారాజశ్రీ జనరల్‌గారి దివ్యసముఖమునకు! తమ ఆకలి విషయమై తెలియజేయునది ఏమనగా, నిల్వలు నిండుకొన్నందున, లభ్యతను బట్టి, మాడు మంజూరు చేయడమైనది!"

జనరల్‌గారు కంచం వంక చూశారు. లచ్చుం వంక చూశారు. కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వారు. మాడు నాకి మరీ తిన్నారు. "ఇదేం మాటయ్యా? నిఘంటువులో లేదే! ఎక్కడిది?"

"తమరి ఆఫీసుదేనండి."

"అద్భుతం! అసలైన, సజీవమైన వాడుకమాట! దీనికేదీ కాపలా?"

కూర్మయ్య గురించి ఆయన ఏమీ అడగలేదు. ఆయనకి ఉత్సాహం వచ్చినప్పుడు ఒకేవైపు వచ్చేది.

మేజరుగారు మాత్రం మరవలేదు. జనరల్‌గారి కారు కదలగానే సింహాద్రిని పిలిచారు. "నిర్వచన ధిక్కారము! మోక్షము రద్దు. నేరారోపణ పత్రము రేపు అందును."

ఆ రేపు రాలేదు. రాత్రికి రాత్రే సంచాలనాలయం కొత్త ఉత్తర్వు పంపించింది. 'ఇందుమూలముగా', 'సదరు', 'పై విషయమై', 'పరిశీలనలో నున్నది' మొదలుగా గల పదజాలమంతా ఇకనుంచి రక్షిత వాడుకమాటలు. జవానులు తప్ప వేరెవరూ, ముఖ్యంగా కార్యాలయాలు, ముందస్తు అనుమతి లేకుండా వాటిని వాడి అరగదీయరాదు.

మేజరుగారు నేరారోపణ పత్రం రాయడానికి కూర్చుని 'ఇందుమూ' దాకా వచ్చి కలం ఆపేశారు. అనుమతి అడుగుదామని తెల్లకాగితం తీసుకున్నారు. 'పై విషయమై' అని మొదలుపెట్టకుండా అనుమతి అడగడం ఎలాగో ఆయనకి తెలియదు. సంచాలనాలయానికీ అదే గతి. అనుమతి ఇస్తున్నట్టు రాయాలంటే అనుమతి కావాలి. దేశమంతటా పరిరక్షణాధికారులు కలాలు పట్టుకుని కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. రాజధానినుంచి ఒక్క కాగితం రాలేదు. మాటల హాజరు ఉత్తర్వు గడువు తీరింది, పొడిగించేవారు లేరు. లంగరులోకి నాగావళి నెమ్మదిగా తిరిగొచ్చింది. క్షౌరం ఉత్తర్వు కూడా వెలువడలేదు. జవానుల జుట్టు చెవులమీదికి దిగింది.

మేజరుగారు నిజాయితీపరులు. తప్పు జరిగింది, శిక్ష పడాలి. మామూలు మాటల్లోనైనా రాద్దామని ఒకరోజు గట్టిగా పూనుకున్నారు. చెమటలు పోశాయి. చివరికి కాగితం మీద ఒక్క వాక్యం నిలిచింది. 'సింహాద్రి ఆకలితో ఉన్నవాళ్ళకి ముందు అన్నం పెట్టాడు.'

దాన్ని ఆయన ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. తలుపు వేసుకుని, కాగితం నిలువునా చింపారు.

వైశాఖం దగ్గరపడింది. అర్జీ రాయడానికి భాష లేక సింహాద్రి ఉత్త చేతులతోనే గదిలోకి వెళ్ళాడు.

"సార్, సింహాచలం ఎల్లాల. మొక్కుండిపోనాది."

మేజరుగారు నోరు తెరిచారు. "సదరు…" అని మూసుకున్నారు. "తమ అభ్యర్థన…" అని గోడమీది ఉత్తర్వు చూసి మళ్ళీ మూసుకున్నారు. కాసేపు గొంతులోనే వెతుక్కున్నారు. అప్పుడు, ఆయనెప్పుడో చిన్నప్పుడు వాళ్ళింట్లో విన్నదో ఏమో, లోపల్నుంచి మెత్తగా ఒక మాట వచ్చింది.

"వెళ్ళిరావయ్యా."

ఆ మాటకి సింహాద్రి కంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయారు. సెల్యూట్ చేసి గుమ్మం దాటుతూంటే వెనకనుంచి పిలిచారు. "సింహాద్రీ! స్వామికి నా పేరు కూడా చెప్పు."

చందనోత్సవం నాడు కొండమీద ఇసకేస్తే రాలని జనం. కేశఖండన శాలలో సింహాద్రి వంతు వచ్చింది. పీటమీద కూర్చున్నాడు. మంగలి అతని తలమీద నీళ్ళు పోసి, వేళ్ళు జుట్టులోకి పోనిచ్చి, భుజాలు చూశాడు, నిటారుగా ఉన్న వెన్ను చూశాడు.

"మిలట్రీయా బావూ?"

"ఔను."

"మిలట్రీవోళ్ళకి ఇంతేసి జుట్టా? మీవోళ్ళు పెరగనీరు గదా! ఎలాగొదిలీసినారు?"

"సర్కారు దగ్గర మాటలైపోనాయి నాయినా" అన్నాడు సింహాద్రి. "మళ్ళా దొరికీలోగా కానీ."

తల వంచాడు. కత్తి నుదుటి దగ్గర మొదలై చల్లగా వెనక్కి నడిచింది. మొదటి పాయ ఒళ్ళో పడింది.